చలికాలంలో పసిపిల్ల ఉన్న ఇల్లు: ఆదిలాబాద్‌కు కొత్తగా వచ్చిన ఒక తల్లికి సమాధానం

అమ్మా, మీ ప్రశ్నను నిదానంగా రెండుసార్లు చదివాను. మీ పాపకు 17 నెలలు, బరువు 10 కిలోలు. మీవారి బదిలీ వల్ల వానాకాలం చివర్లో రాజమహేంద్రవరం నుంచి ఆదిలాబాద్ వచ్చారు. దీపావళి వెళ్లిన దగ్గర నుంచి పాపకు మూడుసార్లు జలుబు చేసింది. రాత్రిళ్లు దుప్పటి తన్నేస్తోంది, స్నానమంటే గుక్కపెట్టి ఏడుస్తోంది. మీ అత్తగారు పెరుగు, అరటిపండు మాన్పించమంటున్నారు. రాత్రిపూట పడకగదిలో బొగ్గుల కుంపటి పెడదామంటున్నారు. పొరుగింటివారు ఒక దగ్గు సిరప్ పేరు చెప్పారు. వీటిలో ఏది పాటించాలో, ఏది మానాలో, సంక్రాంతికి పుట్టింటికి వెళ్లవచ్చో లేదో చెప్పమన్నారు. నేను ఈ జిల్లాలోనే పిల్లల వార్డులో 31 ఏళ్లు నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. వైద్యురాలిని కాను కాబట్టి మందుల విషయంలో మీ పిల్లల డాక్టరు మాటే ఆఖరిది. అయితే పసిపిల్లలున్న ఇళ్లలో చలికాలం ఎలా గడుస్తుందో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో దగ్గర నుంచి చూశాను.

ముందుగా ఒక మాట చెబుతాను, మిగిలినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇన్నేళ్ల తరువాత నాకు చలి మీద కంటే, చలిని తప్పించడానికి మనం చేసే ఉపాయాల మీదే భయం ఎక్కువ. చల్లగాలి తగిలినంత మాత్రాన జలుబు రాదు. జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్‌ల వల్ల వస్తుంది. చలికాలం చేసే పనల్లా మనందరినీ తలుపులు మూసిన గదుల్లోకి, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరికి చేర్చడం. ఆ మూసిన గదిలోనే కుంపటి, దోమల చుట్ట, సాంబ్రాణి పొగ, నేల మీద సలసల కాగే నీళ్ల బకెట్టు చేరతాయి. చలికాలంలో ముక్కు కారుతూ వచ్చిన పిల్లలు వారం రోజుల్లో ఇంటికి వెళ్లిపోయేవారు. నెలల తరబడి నా కళ్ల ముందు నుంచి పోనివారు ఆ ఉపాయాల వల్ల దెబ్బతిన్న పిల్లలే.

మూడుసార్లు జలుబు గురించి మీరు పడుతున్న దిగులు కొంత తగ్గిస్తాను. రెండేళ్లలోపు పిల్లలకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే, అందులో ఎక్కువ భాగం చలికాలంలోనే వస్తాయి. ఒక్కొక్కటి వారం, పది రోజులు ఉంటుంది. దగ్గు రెండు మూడు వారాల దాకా లాగుతుంది. కాబట్టి ఒక జలుబు పూర్తిగా పోకముందే ఇంకొకటి వచ్చి, పిల్లకు రెండు నెలలుగా జలుబు తగ్గనే లేదన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో పాప ఆడుకుంటూ, తింటూ, బరువు పెరుగుతూ ఉంటే అది ఒంట్లో బలహీనత కాదు, మీ పెంపకంలో లోపం అంతకన్నా కాదు. కొత్త ఊరు, కొత్త మనుషులు, బడికి వెళ్లే పొరుగింటి పిల్లలు చేరినప్పుడు కొత్త వైరస్‌లు కూడా వస్తాయి. బయటి నుంచి వచ్చినవారు సబ్బుతో చేతులు కడుక్కోకుండా పాపను ఎత్తుకోకూడదన్న ఒక్క నియమం ఇంటిల్లిపాదీ పాటిస్తే, నాలుగు స్వెటర్లు చేయలేని పని అది చేస్తుంది.

ఇక స్నానం. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపికగా చదవండి. గోదావరి ఒడ్డున అలవాటైనట్టు పొద్దున్నే ఏడింటికి స్నానం చేయించడం ఇక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో కుదరదు. ఈ ప్రాంతంలో తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు పడిపోయే రోజులు ఉంటాయి. అదే రోజు మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటుంది. ఆ తేడానే వాడుకోవాలి. పదకొండు, పన్నెండు గంటల మధ్య ఎండ ఇంట్లోకి వచ్చే వేళ చూసి, అయిదు నిమిషాల్లో ముగించండి. రోజూ స్నానం అవసరం లేదు. రోజు విడిచి రోజు చేయించి, మిగిలిన రోజు ముఖం, మెడ, చంకలు, తొడల మడతలు గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. తలస్నానం వారానికి రెండుసార్లు సరిపోతుంది. తువ్వాలు, బట్టలు ముందే మంచం మీద వరసగా పరిచి పెట్టుకోండి. పాప ఏడ్చేది నీళ్లకు కాదు, నీళ్లు ఆగిన తరువాత తడి ఒంటితో చల్లగాలిలో నిలబడిన ఆ ఒక్క నిమిషానికి. తల మొదట తుడిచి, తువ్వాలులో చుట్టి, ఒళ్లు సగం తడిగా ఉండగానే కొబ్బరినూనె పలచగా రాస్తే చర్మం పొడిబారదు, ఆ దురదతో రాత్రి లేచి ఏడవడం కూడా తగ్గుతుంది.

నీళ్లు కాచే చోటే నా భయమంతా ఉంది. చలికాలంలో ఇక్కడ చాలా ఇళ్లలో ప్లాస్టిక్ బకెట్టులో హీటర్ రాడ్ వేసి నీళ్లు కాస్తారు. బకెట్టు నేల మీద ఉంటుంది. దాని అంచు నడక నేర్చిన పిల్ల ఛాతీ ఎత్తుకు వస్తుంది. ఆ వయసు పిల్లలు దేన్నయినా పట్టుకుని నిలబడతారు, లోపల ఏముందోనని తల వంచి చూస్తారు. నేను వార్డులో ఉన్నప్పుడు రెండేళ్ల బాబును ఒకడిని తెచ్చారు. వాళ్లమ్మ నీళ్లు కాగాక రాడ్ తీసేసింది, స్విచ్ ఆపేసింది, చేయవలసిన జాగ్రత్తలన్నీ చేసింది. చన్నీళ్లు కలపడానికి చెంబు తెద్దామని వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేలోపు, అంటే ఒక చెంబు నిండేంత వ్యవధిలో, పిల్లవాడు రెండు చేతులూ బకెట్టులో పెట్టేశాడు. మోచేతుల దాకా తొడుగు ఊడినట్టు చర్మం ఊడింది. ఆ తల్లి పడిన బాధ మాటల్లో పెట్టలేను. ఆమె అజాగ్రత్త మనిషి కాదని మాత్రం ఇక్కడ రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అందుకే మా వార్డు నుంచి ఇంటికి వెళ్లే ప్రతి తల్లికీ ఒకే మాట చెప్పేదాన్ని: బకెట్టులో మొదట చన్నీళ్లు, ఆ తరువాతే వేడినీళ్లు. వేడినీళ్లకు చన్నీళ్లు తోడు అంటారు గానీ, పసిపిల్లలున్న ఇంట్లో చన్నీళ్లకే వేడినీళ్లు తోడు రావాలి. అప్పుడు ఏ క్షణంలోనూ నేల మీద ఒట్టి మరిగిన నీళ్లుండవు. కలిపిన నీళ్లలో మీ మోచెయ్యి ముంచి చూడండి. అరచేతికి వేడి అలవాటై ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మకూడదు. మోచేతికి వేడి, చలి ఏదీ తెలియకుండా ఉంటే ఆ నీళ్లు పాపకు సరిపోతాయి. రాడ్ వాడక తప్పకపోతే స్నానాల గది తలుపుకు పై గడియ పెట్టించండి, రాడ్ వేసి ఉన్నంతసేపూ ఆ గడియ వేసే ఉంచండి, ప్లగ్గు ఊడదీసిన తరువాతే నీళ్లు ముట్టుకోండి. స్నానం అయ్యాక బకెట్టులో నీళ్లు మిగల్చవద్దు. జానెడు లోతు నీళ్లలో కూడా తలకిందులుగా పడిన పసిపిల్లలు పైకి లేవలేరు. గ్యాస్ గీజర్ ఉన్న ఇల్లయితే అది స్నానాల గది బయట ఉండాలి, గదిలోకి గాలి ఆడే కిటికీ ఉండాలి.

దేవుడి దయ వల్ల మీకు ఆ అవసరం రాకూడదు గానీ, ఒకవేళ ఒళ్లు కాలితే చేయవలసింది వెంటనే కుళాయి కింద మామూలు చన్నీళ్లను 20 నిమిషాలు ధారగా పోయడం. చలిగా ఉందని రెండు నిమిషాలకే ఆపేస్తారు, అది చాలదు. కాలిన చోట నీళ్లు పోస్తూ, మిగతా ఒంటికి పొడి దుప్పటి కప్పండి. ఐసు గడ్డలు, పళ్ల పేస్టు, సిరా, పసుపు, నెయ్యి ఏవీ రాయవద్దు. అంటుకున్న బట్టను లాగవద్దు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కుంపటి సంగతి. మీ అత్తగారు ఏ ప్రేమతో అన్నారో నాకు తెలుసు. మా అమ్మమ్మ కాలంలో బాలింత గదిలో కుంపటి లేకపోతే తప్పుగా చూసేవారు. అయితే అప్పటి ఇళ్లకు పెంకుల సందులూ, తాటాకు కప్పులూ ఉండేవి, గాలి దానంతట అదే ఆడేది. ఇప్పటి స్లాబు ఇంట్లో, కిటికీలు బిగించి, తలుపు కింద గోనెసంచి దోపిన గదిలో అదే కుంపటి ప్రాణాంతకం. బొగ్గు ఎర్రగా నిప్పులు పడి పొగ ఆగిపోయాక ఇక ప్రమాదం లేదనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది: పొగ లేని ఆ నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మనిషికి ముందు తలనొప్పి, వికారం, ఆ తరువాత మత్తు కమ్ముకుంటుంది. నిద్రలో ఉన్నవారికి ఆ మత్తు తెలియదు. పసిపిల్లలు పెద్దల కంటే వేగంగా ఊపిరి పీలుస్తారు కాబట్టి వారికి ముందు సోకుతుంది. అందుకని పడకగదిలో కుంపటి వద్దే వద్దు, అర్ధరాత్రి దాకా పెట్టి తీసేద్దామన్న రాజీ కూడా వద్దు. చలి కాగాలంటే సాయంత్రం వాకిట్లో పెద్దలు కాగవచ్చు, పాపను మాత్రం మంటకు, పొగకు దూరంగా ఒకరు ఎత్తుకుని ఉండాలి. దోమల చుట్ట కూడా మూసిన గదిలో పొగే. దాని బదులు దోమతెర కట్టండి. సాంబ్రాణి ధూపం తలకు పట్టే అలవాటు ఉంటే ఈ జలుబుల కాలంలో మానండి.

గది వెచ్చగా ఉండడానికి కావలసింది నిప్పు కాదు, పొర. నేల మీద చాప, దాని మీద బొంత, ఆ పైన పరుపు వేస్తే కింది నుంచి వచ్చే చలి సగం ఆగుతుంది. గాలి వీచే వైపు కిటికీ మూసి, ఎదురు వైపు కిటికీని నాలుగు వేళ్ల మందం తెరిచి ఉంచండి. పాప దుప్పటి తన్నేయడం గురించి చింతించకండి, ఈ వయసు పిల్లలు దాదాపు అందరూ అంతే చేస్తారు. దుప్పటి మీద ఆధారపడకుండా ఒంటి మీదే ఏర్పాటు చేయాలి: లోపల మెత్తని నూలు బనియను, దాని మీద పాదాల దాకా వచ్చే నూలు బట్టలు, ఆ పైన పలుచని స్వెటర్, కాళ్లకు సాక్సులు. మీకు ఎన్ని పొరలు కావాలో పాపకు అంతకంటే ఒక్క పొర ఎక్కువ, అంతే. ఉన్ని బట్ట నేరుగా చర్మానికి తగిలితే దద్దుర్లు వస్తాయి. మంకీ క్యాప్ బయటికి వెళ్లేటప్పుడు బాగుంటుంది గానీ నిద్రలో అది ముక్కు మీదికి జారుతుంది. మెడ దగ్గర తాళ్లున్నవి అసలు కొనవద్దు. పాపకు చలేస్తోందో లేదో అరచేతులు పట్టుకుని చూడకండి, పిల్లల చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక వేలు పెట్టి చూడండి: వెచ్చగా, పొడిగా ఉంటే సరిగ్గా ఉంది; చెమటగా ఉంటే ఒక పొర తీసేయాలి. ఆ చెమట చల్లారినప్పుడే పిల్లలు అర్ధరాత్రి వణుకుతూ లేస్తారు. మీ ఇద్దరి మధ్య బరువైన రజాయి కింద పడుకోబెట్టడం కంటే పక్కనే వేరే పక్క మీద పడుకోబెట్టడం మంచిది.

పెరుగు, అరటిపండ్ల విషయంలో మీ అత్తగారి మాట కాదనడానికి మొహమాటపడుతున్నట్టు రాశారు. వాటివల్ల జలుబు రాదు. చలికి పెరుగు సరిగ్గా తోడుకోదు, తోడుకున్నది చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం పూట గది వేడికి వచ్చిన కమ్మటి పెరుగును అన్నంలో కలిపి పెడితే ఆమెకూ తృప్తిగా ఉంటుంది, పాపకూ అందవలసింది అందుతుంది. ఆమె చెప్పే నువ్వులనూనె మర్దన, నలుగు, ఎండలో కాసేపు కూర్చోబెట్టడం నిలుపుకోవలసిన పద్ధతులు. వాటిని ఆమె చేతికే అప్పగించండి. అయితే ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయవద్దని గౌరవంగానే గట్టిగా చెప్పండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము చేస్తుంది. కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాయడం కూడా ఈ వయసులో కూడదు. కర్పూరం లోపలికి వెళితే మూర్ఛ వస్తుంది. ఘాటైన బామ్‌లు రెండేళ్లు నిండేదాకా మరచిపోండి.

తిండి గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. నెయ్యి వేసిన పప్పన్నం, రాగిజావ, మెత్తగా ఉడికిన గుడ్డు, ఇక్కడ దొరికే జొన్నరొట్టెను పాలలోనో పప్పులోనో నానబెట్టి పెట్టడం, నువ్వులూ బెల్లమూ మెత్తగా నూరి చిన్న ముద్దగా ఇవ్వడం చాలు. దగ్గరలోని అంగన్‌వాడీలో పాప పేరు నమోదు చేయించండి, 7 నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పొడి ఇస్తారు. చలికాలంలో దాహం తెలియదు కాబట్టి పిల్లలు నీళ్లు అడగరు, దానితో మలబద్ధకం వస్తుంది. గోరువెచ్చని నీళ్లు గంటకు నాలుగు గుక్కలు మీరే తాగించండి. జలుబు చేసిన రోజుల్లో తక్కువ తింటుంది, అప్పుడు బలవంతం చేయకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. మీ పాలు ఇంకా తాగుతోందని రాశారు, చలికాలం పోయేదాకా మాన్పించే ఆలోచన పెట్టుకోకండి.

ఇప్పుడు పొరుగింటివారు చెప్పిన సిరప్. దయచేసి కొనవద్దు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లాలో కల్తీ అయిన దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు మూత్రపిండాలు చెడిపోయి చనిపోయిన తరువాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ స్పష్టంగా చెప్పింది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు, అయిదేళ్లలోపు వారికి కూడా సాధారణంగా సిఫారసు చేయరాదు. కల్తీ లేని సిరప్ కూడా ఈ వయసులో మేలు చేయదు. దగ్గు ఊపిరితిత్తులను శుభ్రం చేసే పని. దాన్ని ఆపితే తెమడ లోపలే ఉండిపోతుంది. మేలు చేసేవి చిన్నవి. ముక్కు దిబ్బడ ఉన్నప్పుడు మందుల దుకాణంలో దొరికే సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు, పాలు తాగే ముందు, నిద్రకు ముందు ఒక్కో ముక్కుపుటంలో రెండు మూడు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి మెత్తని గుడ్డ వత్తితో తుడవండి. ఏడాది దాటిన పిల్ల కాబట్టి పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించడం మాత్రం ఎన్నడూ తగదు. మరుగుతున్న నీళ్ల గిన్నె ముందు పిల్లను కూర్చోబెట్టి ఆవిరి పట్టవద్దు, ఎందుకో పైన స్నానం దగ్గర చెప్పినదే కారణం.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే ఇంట్లో ఉంచుకోదగిన మందు. అయితే దానిలోనూ ఒక పొరపాటు మళ్లీ మళ్లీ జరుగుతుంది కాబట్టి విడమరిచి రాస్తున్నాను. చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్ సీసాలో అయిదు మిల్లీలీటర్లకు 120, 125 లేదా 250 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక మోతాదులో కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే మీ పాపకు 150. అది చుక్కల మందులో ఒకటిన్నర మిల్లీలీటరు. 125 సిరప్‌లో ఆరు మిల్లీలీటర్లు. 250 సిరప్‌లో మూడు. సిరప్ లెక్క గుర్తుపెట్టుకుని చుక్కల మందు ఆరు మిల్లీలీటర్లు పోస్తే నాలుగు రెట్లు వెళ్లిపోతుంది. కాబట్టి ఇంట్లో ఒకే రకం సీసా ఉంచండి, దాని మీద పాప మోతాదు డాక్టరు చేత రాయించి అతికించండి, ఆరు గంటలకు ఒకసారి మించి, రోజుకు నాలుగుసార్లు మించి ఇవ్వకండి.

మీరు నేర్చుకోవలసిన విద్య ఒకటి ఉంది, అది ఊపిరి లెక్కపెట్టడం. పాప నిద్రపోతున్నప్పుడో, మీ ఒడిలో ప్రశాంతంగా ఉన్నప్పుడో చొక్కా ఛాతీ పైకి మడవండి. సెకన్ల ముల్లు ఉన్న గడియారం కళ్లకు కనిపించేలా పెట్టుకోండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. అలా పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయవద్దు, ఎందుకంటే పిల్లల ఊపిరి మధ్యలో ఆగి ఆగి నడుస్తుంది. ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు నిమిషానికి 40, అంతకు మించితే అది వేగంగా ఊపిరి పీల్చడమే. లెక్క అయ్యాక పక్కటెముకల కింది అంచు చూడండి. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు అక్కడ గుంట పడుతుంటే, మన తల్లులు డొక్కలు ఎగరేస్తోంది అనేది దాన్నే. పాప బాగున్న రోజునే రెండు మూడుసార్లు లెక్కపెట్టి అలవాటు చేసుకోండి; మామూలు ఎలా ఉంటుందో కళ్లకు తెలిస్తేనే తేడా కనబడుతుంది. వార్డులో నేను తల్లుల చేతనే లెక్కపెట్టించేదాన్ని. అక్షరం రాని తల్లులు గోడ మీద బొగ్గుతో గీతలు గీసి చెప్పినా లెక్క తప్పేది కాదు.

ఊపిరి 40కి చేరినా, మించినా, డొక్కలు ఎగరేసినా, పిల్లికూతలు వినిపించినా, పాలు తాగలేకపోయినా, తాగినదంతా కక్కేసినా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా, పెదవులు నీలంగా మారినా, మూర్ఛ వచ్చినా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా అది జలుబు కాదు. అర్ధరాత్రి అయినా, ఎంత చలిగా ఉన్నా బయలుదేరాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి. మూడు రోజులు దాటిన జ్వరం కూడా డాక్టరు చూడవలసినదే. ఇవేవీ లేకుండా ముక్కు కారడం, దగ్గు, కొద్దిపాటి జ్వరం మాత్రమే ఉంటే ఇంట్లో ఉండటమే మంచిది, ఎందుకంటే ఆసుపత్రి వరండాలో ఇంకో నాలుగు రకాల వైరస్‌లు కూర్చుని ఉంటాయి.

పాప టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. నిమోనియా నుంచి కాపాడే పీసీవీ టీకా ఆరు వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు వేసి ఉండాలి. 16 నెలల నుంచి 24 నెలల మధ్య వేయవలసిన డీపీటీ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం) బూస్టర్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో మోతాదులకు ఇప్పుడు సమయం వచ్చింది. ఊరు మారిన హడావిడిలో తప్పిపోయేవి ఇవే. ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) దగ్గర ఉచితంగా వేస్తారు. ఫ్లూ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో లేదు. స్తోమత ఉంటే మీ పిల్లల డాక్టరుతో మాట్లాడి వేయించండి, మొదటిసారి నెల తేడాతో రెండు మోతాదులు వేస్తారు. చలికాలంలో విరేచనాలు కూడా వస్తాయి, అవి పళ్లు రావడం వల్ల అనుకుని వదిలేయవద్దు. ఓఆర్‌ఎస్ పొట్లం మీద ఎన్ని నీళ్లు కలపమని ఉందో అన్నే కలిపి, ప్రతి విరేచనం తరువాత అర కప్పు దాకా చెంచాతో తాగించండి. జింక్ రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు, విరేచనాలు ఆగిపోయినా పూర్తిగా ఇవ్వాలి.

సంక్రాంతికి రాజమహేంద్రవరం తప్పక వెళ్లండి. పాప ఊపిరి మామూలుగా ఉండి, జ్వరం లేకపోతే ప్రయాణానికి అడ్డేమీ లేదు. ఇక్కడి చలికి వేసిన మూడు పొరలు అక్కడి వాతావరణానికి ఎక్కువ, దారిలోనే మెడ వెనక చూసి ఒక్కొక్కటి తీసేయండి. భోగినాడు తెల్లవారుజామున మంట దగ్గరికి పాపను తీసుకెళ్లకండి. ఆ మంటలో టైర్లు, ప్లాస్టిక్ కూడా వేస్తున్నారు, ఆ పొగ ఇంకా చెడ్డది. సాయంత్రం భోగిపళ్లు పోసే వేడుక మీ అమ్మగారు ముచ్చటపడి చేస్తారు, చేయనివ్వండి. అయితే చిన్న రేగిపళ్లు, నాణేలు, నానిన శనగలు, చెరకు ముక్కలు అన్నీ ఈ వయసు పిల్ల గొంతుకు అడ్డుపడే పరిమాణంలోనే ఉంటాయి, తల మీద నుంచి జారినది నోట్లో పెట్టుకోవడానికి పిల్లకు ఒక్క క్షణం చాలు. పెద్ద రేగిపళ్లను, బంతిపూల రేకులను మాత్రమే పోయమనండి, నాణేలను పళ్లెంలోనే ఉంచి దిష్టి తీయమనండి. పోస్తున్నంతసేపూ మీరు పాపను ఒడిలో పెట్టుకుని ఆమె నోటి మీదే కన్ను వేసి ఉండండి. ఒకవేళ ఏదైనా అడ్డుపడి పాప దగ్గలేక, ఏడవలేక నిలిచిపోతే నోట్లో వేలు పెట్టి వెతకవద్దు. ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచండి, రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కండి, అది బయటపడేదాకా మార్చి మార్చి చేయండి, పక్కవారిని 108కి ఫోన్ చేయమనండి. పేరంటాళ్లు వెళ్లిపోయాక చాప దులిపి, మంచం కింద, తలుపు మూలల్లో నేలంతా మీ చేత్తో ఒకసారి తడిమి చూసి, అప్పుడు పాపను కిందికి దించండి.